యోహాన్ పెట్టర్ యోహాన్సన్

యోహాన్ పెట్టర్ యోహాన్సన్ (డిసెంబరు 12, 1853 - ఆగష్టు 25, 1943) స్వీడన్ దేశానికి చెందిన ఆవిష్కర్త, పారిశ్రామికవేత్త. స్వీడిష్ నమూనా పైపు రెంచి మరియు నోటి వెడల్పు మార్చుకొనే వీలున్న అడ్జస్టబుల్ స్పానరు ఇతనికి పేరు తెచ్చిన పనిముట్లు. మొదటిదానికి 1888లోను, రెండవదానికి 1892లోను పేటెంటు పొందాడు. జీవితకాలంలో ఇతడు పొందిన పేటెంట్ల సంఖ్య వందకు పైమాటే. ఇంటిలో కుళాయి గాని, గొట్టం మధ్యనున్న వాల్వు గాని పాడై మార్చవలసి వచ్చినపుడు పనివారి సంచిలోనుండి ముందుగా బయటికి వచ్చేవి ఈ రెండు జాతుల పనిముట్లే. వాటిని చేతపట్టేవారిలో చాలామందికి ఇతని పేరు తెలియదు.

పేరు

స్వీడిష్ భాషలో పేరు మొదటనున్న అక్షరాన్ని "య"గా పలుకుతారు కనుక ఈ వ్యాసంలో యోహాన్సన్ అని వ్రాయబడింది. ఆంగ్ల ఉచ్చారణను అనుసరించి జోహాన్సన్ అని వ్రాయడం కూడా వాడుకలో ఉంది.

ఇతనిని కార్ల్ ఎడ్వర్డ్ యోహాన్సన్ (1864-1943) అనే మరొక స్వీడన్ ఆవిష్కర్తగా పొరబడడం తరచు జరుగుతుంది. కర్మాగారాలలో కొలతల కచ్చితత్వాన్ని సరిచూసే గేజ్ బ్లాకులను రూపొందించినవాడు కార్ల్ ఎడ్వర్డ్. ఇద్దరి ఇంటిపేరు ఒకటే, ఇద్దరూ ఎస్కిల్స్టూనా పట్టణంలో పనిచేశారు, ఇద్దరూ 1943లోనే మరణించారు. కాని వారి ఆవిష్కరణల స్వభావం దాదాపు పరస్పర విరుద్ధం. ఒకరు కొలతలో వెంట్రుకవాసి తేడాను కూడా సహించని పనిముట్టును చేస్తే, మరొకరు ఏ కొలతకైనా సర్దుకుపోయే పనిముట్టును చేశారు.

బాల్యం

యోహాన్సన్ పశ్చిమ స్వీడన్ లోని వోర్గోర్డా ప్రాంతంలో జన్మించాడు. ఆరుగురు సంతానంలో ఇతడే పెద్దవాడు. తండ్రి ఒక చిన్న కౌలుదారు. ఆనాటి స్వీడన్ లో ఈ తరగతి కౌలుదారులు భూస్వామి నుండి ఒక గుడిసె, కొద్దిపాటి నేల తీసుకొని, బదులుగా ఏడాదిలో కొన్ని రోజులు అతని పొలంలో పనిచేసేవారు. పంట బాగా పండిన ఏడు తిండికి సరిపోయేది, పండని ఏడు అప్పు మిగిలేది.

1867-69 సంవత్సరాలలో స్వీడన్ లో తీవ్రమైన కరవు వచ్చింది. అప్పటికి యోహాన్సన్ పదమూడు, పద్నాలుగేళ్ళ బాలుడు. ఆ కరవు తరువాత అమెరికాకు వలసలు ఉధృతమయ్యాయి. 1850 నుండి 1930 వరకు సుమారు 12 లక్షలకు పైగా స్వీడన్ ప్రజలు ఉత్తర అమెరికాకు వెళ్ళిపోయారు. ఈ వలస ప్రస్తావన యోహాన్సన్ జీవితంలో మళ్ళీ వస్తుంది.

ఇతని తొలి ఉద్యోగం దగ్గరలోని ఒక పీట్ కర్మాగారంలో. పీట్ అనేది చిత్తడి నేలలలో కుళ్ళిన మొక్కలనుండి ఏర్పడే ఇంధనపు మన్ను. దానిని త్రవ్వి, అచ్చులుగా ఒత్తి, ఎండబెట్టి పొయ్యిలకు వాడతారు. ఆ కర్మాగారంలోని ఆవిరియంత్రం నడిపే మనిషికి సహాయకుడుగా యోహాన్సన్ చేరాడు. పొలం వదలి యంత్రం దగ్గరకు చేరిన మొదటి అడుగు అదే.

మోటాలా నుండి ఎన్‌షోపింగ్ వరకు

పందొమ్మిదవ ఏట ఇల్లు విడిచి మోటాలా పట్టణానికి వెళ్ళి మట్టిపని కూలీగా చేరాడు. తరువాత విధిగా చేయవలసిన సైనిక సేవ ముగించుకొని ఎస్కిల్స్టూనాలోని ముంక్టెల్ కర్మాగారంలో ఉద్యోగం సంపాదించాడు. స్వీడన్ లో తయారైన మొదటి ఆవిరి రైలుయంత్రాన్ని నిర్మించిన సంస్థ ఇదే. ఆ యంత్రం పూర్తయిన సంవత్సరం 1853, అంటే యోహాన్సన్ పుట్టిన సంవత్సరమే. (కొన్ని రచనలలో ఈ సంస్థను బోలిండర్-ముంక్టెల్ అని వ్రాస్తారు. ఆ పేరు 1932లో రెండు సంస్థలు కలిసిన తరువాత వచ్చినది. యోహాన్సన్ పనిచేసిన నాటికి అది ముంక్టెల్ మాత్రమే.)

1878లో ముంక్టెల్ యాజమాన్యం సిఫారసుతో వెస్టెరోస్ సమీపాన ఒక జమీనుకు చెందిన యంత్రశాలలో కమ్మరిగా చేరాడు. జమీను కమ్మరి పని అంటే నేటి లెక్కలో నాలుగైదు వృత్తుల కలయిక. కొలిమిలో ఇనుము కాల్చి సాగగొట్టడం మొదలుకొని యంత్రాలు విప్పి బాగుచేయడం వరకు అన్నీ ఒక్క చేతిమీద జరగాలి. కొంతకాలం తరువాత తిరిగి ముంక్టెల్ కు వెళ్ళాలని ప్రయత్నించగా అక్కడ ఖాళీ లేదన్నారు. అప్పుడు ఇతడు కూడా అమెరికాకు వలస వెళ్ళాలని నిశ్చయించుకున్నాడు. అంతలో ఎన్‌షోపింగ్ పట్టణానికి వెలుపల ఉన్న ఒక యంత్రశాలలో పని దొరకడంతో ఆ ప్రయాణం ఆగిపోయింది.

ఎన్‌షోపింగ్ రాజధాని స్టాక్‌హోంకు సుమారు 80 కి.మీ. దూరంలో, మేలారెన్ సరస్సు ఒడ్డున ఉన్న పాత పట్టణం. అంతవరకు ఆ ఊరికి పేరు తెచ్చినది హార్స్‌రాడిష్ అనే ఘాటైన దుంప. ముల్లంగికి దూరపు చుట్టమైన ఆ దుంపను అక్కడి పెరటి తోటలలో విరివిగా పండించేవారు.

సొంత యంత్రశాల

1886లో యోహాన్సన్ ఎన్‌షోపింగ్ లో సొంతంగా ఎన్‌షోపింగ్ యంత్రశాల అనే సంస్థను స్థాపించాడు. మొదట్లో పనిముట్ల తయారీ దాని ప్రధాన వ్యాపారం కాదు. చుట్టుపక్కల ఉన్న రైతులు, మిల్లులు, చిన్న కర్మాగారాలు పిలిచినచోటికి వెళ్ళి యంత్రాలను నెలకొల్పడం, పాడైనవాటిని బాగుచేయడం వారి పని. ఈ తిరుగుడులోనే ఇతనికి ఒక చిక్కు ఎదురయ్యింది.

ఆ చిక్కును అర్థం చేసుకోవాలంటే ఆనాటి నట్లను గురించి కొంత తెలుసుకోవాలి. నేడు దుకాణంలో కొన్న స్పానరు అదే సంఖ్య ఉన్న ఏ నట్టుకైనా పడుతుంది. అప్పుడు అలా కాదు. మరచుట్లకు ఒక ప్రమాణం ఉండాలని ఇంగ్లండులో జోసెఫ్ విట్‌వర్త్ 1841లోనే ప్రతిపాదించినా, అన్ని దేశాలలో అన్ని యంత్రశాలలు దానిని పాటించలేదు. చాలా నట్లను కమ్మరులే కొలిమిలో చేసేవారు. పైగా స్వీడన్ అదే కాలంలో తన పాత అంగుళాలను వదలి మీటరు పద్ధతికి మారుతున్నది. 1878లో నిర్ణయమై, 1889 నాటికి ఆ మార్పు తప్పనిసరి అయ్యింది. ఇంగ్లండు నుండి దిగుమతి చేసుకొన్న యంత్రంలో ఇంగ్లీషు అంగుళాలు, దేశంలో చేసిన పాత యంత్రంలో స్వీడన్ అంగుళాలు, కొత్తదానిలో మిల్లీమీటర్లు ఉండే రోజులవి.

అందువల్ల మరమ్మతుకు బయలుదేరిన పనివాడు ఏ కొలత నట్టు ఎదురవుతుందో ముందుగా తెలియక, రకరకాల స్పానర్లను బండిలో వేసుకొని వెళ్ళవలసి వచ్చేది. తీరా అక్కడకు చేరాక ఏదీ సరిగా పట్టకపోతే మళ్ళీ వెనక్కు రావాలి, లేదా ఉన్న స్పానరునే వేడిచేసి సాగగొట్టాలి. కొంచెం వదులుగా ఉన్న స్పానరుతో బలవంతం చేస్తే నట్టు మూలలు అరిగి గుండ్రమై, ఆ తరువాత ఉలితో నరికి తీయడం తప్ప దారి ఉండదు.

పైపు రెంచి (1888)

యోహాన్సన్ ముందుగా పట్టించుకున్నది నట్టును కాదు, గొట్టాన్ని. నట్టుకు కనీసం ఆరు ముఖాలో, నాలుగు ముఖాలో ఉంటాయి. గొట్టం గుండ్రంగా ఉంటుంది కనుక సాధారణ స్పానరుకు అక్కడ పట్టు దొరకదు. ఆ కాలంలో ఐరోపా పట్టణాలలో నీటికి, గ్యాసుకు, ఆవిరికి ఇనుప గొట్టాల వాడకం వేగంగా పెరుగుతుండడంతో, గొట్టాన్ని గట్టిగా పట్టి త్రిప్పగల పనిముట్టు అవసరం రోజురోజుకు ఎక్కువయ్యింది.

1888లో ఇతడు పేటెంటు పొందిన పైపు రెంచిని స్వీడిష్ భాషలో "గొట్టపు పట్టుకారు" అనే అర్థమిచ్చే పేరుతో పిలుస్తారు. మన వంటింటి పట్టుకారువలె దానికి రెండు పొడవైన కాళ్ళు ఉంటాయి. ఒక కాలికి పైన పళ్ళున్న దవడ, మరొక కాలికి దానికి ఎదురు దవడ. రెండింటి మధ్య దూరాన్ని ఒక మరనట్టుతో సరిచేసుకొని, రెండు కాళ్ళను చేతితో కలిపి నొక్కి త్రిప్పాలి. దవడల పళ్ళు త్రిప్పే దిశకు ఎదురుగా వాలి ఉంటాయి. పిడిని లాగిన కొద్దీ దవడలు గొట్టంలోకి మరింత దిగబడతాయి. అంటే ఎంత బలం పెడితే అంత పట్టు. వెనక్కు లాగితే పట్టు వదలిపోతుంది కనుక రెంచిని తీయకుండానే మళ్ళీ మొదటి స్థానానికి తెచ్చుకోవచ్చు. దీనికి "ఇనుప చేయి" అనే పేరు కూడా ఉండేది.

భారతదేశంలో ఎక్కువగా కనిపించే ఒంటిపిడి పైపు రెంచి దీనికి భిన్నమైనది. అది అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రానికి చెందిన డేనియల్ స్టిల్సన్ 1869లో పేటెంటు పొందిన నమూనా. పళ్ళు కొరికే సూత్రం రెండింటిలోను ఒకటే. స్టిల్సన్ రెంచిలో కొక్కెంవంటి పై దవడ కొద్దిగా వదులుగా ఊగుతూ, పిడిని లాగినపుడు వాలి గొట్టాన్ని బిగిస్తుంది. స్వీడిష్ నమూనాలో ఆ బిగింపులో కొంత పని చేతి పిడికిలే చేస్తుంది. దీని తల సన్నగా ఉండడం వలన గోడకు ఆనుకొని ఉన్న గొట్టాల వద్ద సులువుగా దూరుతుంది.

అడ్జస్టబుల్ స్పానరు (1892)

పైపు రెంచి గొట్టానికి పనికివచ్చినా నట్టుకు పనికిరాదు. దాని పళ్ళు నట్టు ముఖాలను చెక్కివేస్తాయి. కనుక నున్నని దవడలతో, ఏ కొలత నట్టుకైనా సరిపోయే మరొక పనిముట్టు కావలసి వచ్చింది. యోహాన్సన్ 1891లో రూపొందించి 1892లో పేటెంటు పొందిన అడ్జస్టబుల్ స్పానరు అదే. మన ప్రాంతాలలో దీనిని స్క్రూ స్పానరు అని, స్క్రూ రెంచి అని కూడా అంటారు.

దీని నిర్మాణం చూడడానికి అతి సామాన్యం. పై దవడ పిడితో కలిపి ఒకే ముక్కగా ఉంటుంది. కింది దవడ తలలోని గాడిలో జరుగుతుంది. ఆ దవడ అడుగున పళ్ళపట్టీ, దానిని ఒరుసుకుంటూ బొటనవ్రేలితో త్రిప్పగల ఒక మరచక్రం ఉంటాయి. చక్రం త్రిప్పితే దవడ జరుగుతుంది. నట్టు వైపునుండి దవడను ఎంత నెట్టినా చక్రం దానంతట అది తిరగదు, ఎందుకంటే దాని మరచుట్ల వాలు చాలా తక్కువ. పనిముట్టు పని చేయడానికి అసలు కీలకం ఈ ఒకవైపు కదలికే. నోరు పిడికి సూటిగా కాక కొంచెం వాలుగా ఉండడం వలన ఇరుకు స్థలాలలో కూడా అందుతుంది.

స్పానరును ఇతడే మొట్టమొదట కనిపెట్టాడని పలుచోట్ల వ్రాస్తుంటారు. అది సరికాదు. కదిలే దవడ ఉన్న స్పానర్లు అంతకు ముందే ఉన్నాయి. అమెరికాలో లోరింగ్ కోస్ 1841లోను, ఇంగ్లండులో రిచర్డ్ క్లైబర్న్ 1842లోను ఇటువంటి పనిముట్లను రూపొందించారు. కోస్ నమూనాలో దవడలు పిడికి అడ్డంగా, సుత్తి తలవలె బయటికి పొడుచుకొని ఉండేవి. అవి బరువైనవి, ఇరుకుచోట్ల పట్టేవి కావు. యోహాన్సన్ చేసినది వాటిని సన్నగా, తేలికగా, ఒక చేతితో సరిచేసుకొని అదే చేతితో త్రిప్పగలిగేలా మలచడం. నేడు ప్రపంచమంతటా తయారవుతున్న అడ్జస్టబుల్ స్పానర్లలో అత్యధిక భాగం ఈ రూపాన్నే అనుసరిస్తున్నాయి. మొదట కనిపెట్టడం కన్నా ఇది చిన్న ఘనతేమీ కాదు. ముందున్న నమూనాలు అర్ధశతాబ్దం పాటు సాధించలేని వ్యాప్తిని ఇతని నమూనా సాధించింది.

స్వీడిష్ భాషలో స్పానరును "తాళపుచెవి" అనే మాటతోనే పిలుస్తారు. పొరుగున ఉన్న డెన్మార్కులో అడ్జస్టబుల్ స్పానరుకు "స్వీడన్ తాళపుచెవి" అనే పేరు స్థిరపడింది. హీబ్రూ భాషలో అదే అర్థమున్న పేరు పైపు రెంచికి వాడతారు. ఒకే మనిషి చేసిన రెండు పనిముట్లలో ఒక్కొక్క దేశం ఒక్కొక్కదానికి అతని దేశం పేరు పెట్టుకున్నదన్నమాట.

యోర్ట్ కంపెనీ, బాకో పేరు

మంచి పనిముట్టు చేయడం ఒక పని, దానిని అమ్మడం మరొక పని. 1890లో యోహాన్సన్ స్టాక్‌హోంకు చెందిన వ్యాపారి బెర్న్ట్ ఆగస్ట్ యోర్ట్ కంపెనీతో ఒప్పందం చేసుకున్నాడు. దాని ప్రకారం ఎన్‌షోపింగ్ లో తయారైన పనిముట్లను ప్రపంచమంతటా అమ్మే హక్కు యోర్ట్ కంపెనీకి వచ్చింది. ఆ కంపెనీ పేరులోని తొలి అక్షరాలను కలిపి చేసిన గుర్తే బాకో. ఈ పేరే చివరకు పనిముట్లకు స్థిరపడి, వాటిని చేసినవాని పేరు వెనుకకు పోయింది.

ఇదే కంపెనీ అమ్మిన మరొక వస్తువు తెలుగువారికి బాగా పరిచయమైనది. గాలి కొట్టి వెలిగించే ప్రైమస్ కిరోసిన్ స్టవ్వును స్వీడన్ కు చెందిన ఫ్రాన్స్ విల్‌హెల్మ్ లింద్‌క్విస్ట్ రూపొందించగా, దాని విక్రయాన్ని యోర్ట్ కంపెనీ చేపట్టింది. గ్యాసు పొయ్యిలు రాకముందు మన ఇళ్ళలో బుస్సుమని శబ్దం చేస్తూ మండిన పంపు స్టవ్వులు ఆ నమూనావే. పిన్నుతో బర్నరు రంధ్రాన్ని పొడిచిన తరం వారికి ఆ పేరు ఇంకా గుర్తుండే ఉంటుంది.

1916లో యోహాన్సన్ తన యంత్రశాలను పూర్తిగా యోర్ట్ కంపెనీకి అప్పగించాడు. చాలాకాలం తరువాత, 1999లో, బాకో పనిముట్ల వ్యాపారం అమెరికాకు చెందిన స్నాప్-ఆన్ సంస్థ చేతిలోకి వెళ్ళింది. నేటి బాకో పనిముట్లపై కనిపించే చేప, గాలం గుర్తు మాత్రం యోహాన్సన్ ది కాదు. అది సాండ్విక్ అనే ఉక్కు కంపెనీ తన రంపాలకు 1886లో నమోదు చేసుకున్నది. రెండు వ్యాపారాలు ఒకటైన తరువాత ఈ పనిముట్ల మీదకు వచ్చింది. ఈ నమూనా స్పానర్లు ఇప్పటివరకు పది కోట్లకు పైగా తయారయ్యాయని కంపెనీ లెక్క.

ఇంటి వాల్వు మార్పిడిలో ఈ పనిముట్లు

ఈ రెండు పనిముట్ల మధ్య తేడా, వాటిని కలిపి వాడవలసిన కారణం ఇంటి గొట్టాల పనిలో స్పష్టంగా కనిపిస్తాయి. ఇనుప గొట్టాల మధ్య బిగించిన పాత గేట్ వాల్వు కారుతూ, కొత్తది వేయవలసి వచ్చిందనుకొందాం. వాల్వు ఇత్తడిది. దాని రెండు చివరలా ఆరుముఖాల అంచు ఉంటుంది. అక్కడ పట్టవలసినది నున్నని దవడల అడ్జస్టబుల్ స్పానరు. గొట్టం గుండ్రనిది. అక్కడ పట్టవలసినది పళ్ళున్న పైపు రెంచి. ఒకటి త్రిప్పుతుంది, మరొకటి కదలకుండా పట్టుకుంటుంది.

ఈ రెండవ పట్టునే అనుభవం లేనివారు మరచిపోతారు. వాల్వును ఒక్క పనిముట్టుతో బలంగా త్రిప్పితే ఆ మెలి గొట్టం వెంట ప్రయాణించి, గోడలోపల ఉన్న తరువాతి అతుకు వద్ద బయటపడుతుంది. తుప్పు పట్టిన పాత గొట్టమైతే మరచుట్ల వద్దే విరుగుతుంది. మరచుట్లు కోసినచోట గొట్టం మందం తగ్గి ఉంటుంది కదా. అప్పుడు వంద రూపాయల పనికి గోడ పగులగొట్టవలసి వస్తుంది. గొట్టాన్ని పైపు రెంచితో వెనక్కు ఆపి, వాల్వును స్పానరుతో విప్పితే, రెండు బలాలు ఒకదానినొకటి రద్దు చేసుకొని గోడలోని అతుకు మీద భారం పడదు. రెండు పిడుల మధ్య కోణం తక్కువగా ఉంచి, వాటిని ఒకదానివైపు ఒకటి నొక్కడం పనివారి అలవాటు.

వాల్వుకు ఉన్న రెండు అంచులలో విప్పుతున్న గొట్టానికి దగ్గరగా ఉన్నదానినే పట్టాలి. దూరపు అంచును పట్టి త్రిప్పితే వాల్వు దేహమే మెలితిరిగి లోపలి గేటు సరిగా కూర్చోదు. పాత వాల్వుకు ఇది జరిగితే నష్టం లేదు, కొత్తదానిని బిగించేటప్పుడు జరిగితే అది మొదటి రోజునుండే కారుతుంది. అడ్జస్టబుల్ స్పానరును త్రిప్పే దిశ కూడా ముఖ్యమే. కదిలే దవడ త్రిప్పుతున్న వైపు ఉండాలి, అప్పుడు ప్రధాన భారం పిడితో ఒకే ముక్కగా ఉన్న గట్టి దవడ మీద పడుతుంది. తిరగవేసి పట్టితే భారమంతా కదిలే దవడ మీద, మరచక్రం మీద పడి, నోరు కొద్దిగా తెరుచుకొని, నట్టు మూలలు అరుగుతాయి. ఈ పనిముట్టు నట్లను పాడుచేస్తుందన్న అపవాదుకు చాలా సందర్భాలలో కారణం ఇదే. చక్రాన్ని గట్టిగా బిగించి, దవడలకు నట్టుకు మధ్య ఖాళీ లేదని చూసుకొన్న తరువాతనే బలం పెట్టాలి.

విప్పడానికి ముందు ప్రధాన వాల్వును కట్టివేసి, ఇంటిలో అన్నిటికన్నా దిగువనున్న కుళాయిని తెరచి గొట్టాలలోని నీటిని వదలివేస్తారు. గొట్టం రెండు వైపులా గోడలో బిగుసుకొని ఉంటే వాల్వును త్రిప్పి తీయడం సాధ్యం కాదు. దగ్గరలో యూనియన్ అనే విడదీయదగిన అతుకు ఉండాలి, లేకుంటే గొట్టాన్ని కోయాలి. కొత్త వాల్వు వేసేముందు మరచుట్లను శుభ్రం చేసి, జనపనారకు పేస్టు పూసి గాని, టెఫ్లాన్ టేపును గాని బిగించే దిశలోనే చుడతారు. సాధారణ అర అంగుళం గొట్టానికి అంగుళానికి 14 మరచుట్లుంటాయి. గొట్టపు కొనను 16 వంతులకు ఒక వంతు చొప్పున సన్నబడేలా కోస్తారు కనుక, బిగించిన కొద్దీ అతుకు దానంతట అదే గట్టిపడుతుంది. అందువల్లనే, వాల్వు పిడి సరైన దిక్కుకు రావడానికని బిగించినదానిని కొంచెం వెనక్కు త్రిప్పకూడదు. అలా చేస్తే అతుకు కారుతుంది. మరొక విచిత్రం, అర అంగుళం గొట్టం బయటి వ్యాసం 21.3 మిల్లీమీటర్లు, అంటే అంగుళంలో ఐదింట నాలుగు వంతులకు పైనే. అర అంగుళమన్నది లోపలి రంధ్రానికి పూర్వం పెట్టిన పేరు. రెంచి నోటిని పేరు చూసి కాక గొట్టాన్ని చూసి తెరవడం ఇందుకే.

పైపు రెంచిని ప్లాస్టిక్ గొట్టాల మీద, క్రోమియం పూత కుళాయిల మీద వాడరాదు. దాని పళ్ళు మొదటిదానిని గాట్లు పెడతాయి, రెండవదాని మెరుగును ఊడదీస్తాయి. కొత్త ఇళ్ళలో ఇనుప గొట్టాల స్థానాన్ని ప్లాస్టిక్ గొట్టాలు చాలావరకు ఆక్రమించిన తరువాత పైపు రెంచి అవసరం తగ్గింది. వాల్వులకు, కుళాయిలకు ఇత్తడి అంచులు మిగిలి ఉన్నందున అడ్జస్టబుల్ స్పానరు అవసరం తగ్గలేదు.

ట్రిప్లెక్స్ దీపాలు

పనిముట్ల వ్యాపారాన్ని యోర్ట్ కంపెనీకి వదలుకొనే నాటికి యోహాన్సన్ వయసు అరవై దాటింది. అయినా విశ్రాంతి తీసుకోలేదు. 1914 ప్రాంతం నుండి విద్యుద్దీపాలను నిలిపే అమరికలపై ప్రయోగాలు చేస్తూ, ఎన్‌షోపింగ్ లోనే ట్రిప్లెక్స్ అనే కొత్త కర్మాగారాన్ని ప్రారంభించాడు. పనిబల్ల వద్ద దీపాన్ని కావలసిన చోటికి లాక్కొని అక్కడే నిలుపుకోగల వేలాడు దీపం ఇక్కడి ముఖ్యమైన ఉత్పత్తి. 1919 నాటి ఈ ట్రిప్లెక్స్ దీపం స్వీడన్ గృహోపకరణాల రూపకల్పనలో ప్రసిద్ధమైన వాటిలో ఒకటి. స్పానరులో కదిలే దవడ, దీపంలో కదిలే చేయి. ఒకే కొలతకు కట్టుబడని వస్తువులు చేయాలన్న ధోరణి ఇతనిలో చివరివరకు ఉన్నట్లు కనిపిస్తుంది.

మరణం, గుర్తింపు

యోహాన్సన్ 1943 ఆగష్టు 25న తన 89వ ఏట మరణించాడు. ఎన్‌షోపింగ్ పట్టణంలో ఇతని పేరుమీద ఒక ప్రదర్శనశాల ఉంది. ఇతడు పేటెంటు పొందిన పనిముట్లు, ట్రిప్లెక్స్ దీపాలు అందులో ప్రదర్శించబడుతున్నాయి.